కాలు తీస్తే కొంప మునిగే కార్లు

వెనక చక్రాలతో నడిచే స్పోర్ట్స్ కారు అదుపు తప్పిందంటే గంటకు ఏ రెండు వందల కిలోమీటర్ల వేగంలోనో తప్పి ఉంటుందని అనుకోవడం మామూలే. చాలాసార్లు జరిగేది అది కాదు. అమెరికాలో కార్ల మీద మోజున్నవాళ్లు వారాంతాల్లో పొద్దున్నే ఒకచోట చేరి తమ బళ్లు నలుగురికీ చూపించుకుంటారు. అక్కణ్నుంచి ఇంటికి బయల్దేరిన ఫోర్డ్ మస్టాంగ్ గేటు దాటి రోడ్డెక్కిన కాసేపటికే అడ్డం తిరిగి ఫుట్‌పాత్ ఎక్కేయడం, ఒక్కోసారి చూడ్డానికి నిలబడ్డ జనం మీదికే పోవడం ఎన్నో వీడియోల్లో కనిపిస్తుంది. రోడ్డు తిన్నగా ఉంటుంది. వాన ఉండదు. పట్టపగలు. బండి అప్పుడప్పుడే వేగం అందుకుంటూ ఉంటుంది. మలుపే లేనిచోట, ఇంత తక్కువ వేగంలో, అంత ఖరీదైన కారు ఎందుకు అడ్డం తిరగాలి? నడిపే కుర్రాడి దూకుడు అని ఒక్కముక్కలో తేల్చేయొచ్చు. యాక్సిలరేటర్ అంత గట్టిగా తొక్కడం దూకుడే, కాదనను. కానీ దాంతో బండి జారడం మొదలవుతుందంతే. దాన్ని తీసుకెళ్లి గోడకు కొట్టేది ఆ తర్వాత అరక్షణంలో అతను చేసే రెండో పని. ఆ రెండో పని దూకుడు కాదు, జాగ్రత్తపడబోవడం. గుండె గుభేలుమని కాలు వెనక్కి తీసేస్తాడు. మామూలు కారులో ఎన్నోసార్లు అతన్ని కాపాడిన అలవాటే ఈ కారులో అతని ప్రాణం మీదికి తెస్తుంది.

ఇది అర్థం కావాలంటే టైరు దగ్గర మొదలుపెట్టాలి. కారు బరువంతా రోడ్డును తాకేది నాలుగు టైర్ల అడుగున ఉన్న నాలుగు రబ్బరు మచ్చలతోనే. ఒక్కోటీ అరచెయ్యంత ఉంటుంది, వెడల్పాటి టైరైతే ఇంకొంచెం ఎక్కువ. బండి ముందుకు పోవాలన్నా, ఆగాలన్నా, పక్కకు తిరగాలన్నా వాటికి రోడ్డు మీద ఉన్న పట్టే ఆధారం. ఆ పట్టుకొక హద్దుంది. మంచి టైరు, పొడి తారురోడ్డు అయితే టైరు తన మీద పడే బరువుకు దాదాపు సమానమైన బలాన్ని ఇవ్వగలదు. తడిరోడ్డు మీద అందులో మూడింట రెండు వంతులో, అంతకన్నా తక్కువో. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ముందుకు తోయడానికీ పక్కకు జారకుండా పట్టి ఉంచడానికీ టైరు దగ్గర వేరువేరు వాటాలు లేవు. ఉన్నది ఒక్కటే, దాన్నే రెండింటికీ వాడుకోవాలి. జర్మన్ ఇంజనీరు వూనిబాల్ట్ కామ్ పేరుతో వాహనశాస్త్రంలో ఒక వృత్తం ఉంది. ముందుకో, వెనక్కో, పక్కకో, ఐమూలగానో టైరు మీద పడే బలం ఆ గీత లోపల ఉన్నంతసేపు టైరు నేలను పట్టి ఉంటుంది. ముందుకు తోయడానికే మొత్తం వాడేస్తే పక్కకు పట్టడానికి ఏమీ మిగలదు. మలుపు ఎంత పట్టును మింగుతుందో కూడా లెక్క కట్టవచ్చు. యాభై మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తిరిగే కారుకు దాని బరువులో 57 శాతం బలం పక్కవాటుగా కావాలి. అదే మలుపును 72 కిలోమీటర్ల వేగంతో తిరిగితే 82 శాతం కావాలి. వేగం పెరిగింది అయిదో వంతే. పొడిరోడ్డు మీద కూడా మిగిలిన పట్టు మాత్రం సగానికి పైగా తరిగిపోయింది. డ్రైవరు కూర్చున్న సీట్లో ఈ తేడా అంత పెద్దగా తెలియదు.

ముందు టైర్ల పట్టు పోతే బండి స్టీరింగ్ మాట వినకుండా మలుపు బయటివైపుకు పోతుంది. వెనక టైర్ల పట్టు పోతే వెనకభాగం బయటికి విసురుకుపోయి బండి తన చుట్టూ తాను తిరుగుతుంది. 1930ల్లో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ అనే ఇంజనీరు మొదటిదానికి అండర్‌స్టీర్ అనీ, రెండోదానికి ఓవర్‌స్టీర్ అనీ పేర్లు పెట్టాడు. మనం రోజూ నడిపే ముందు చక్రాల కారులో, అంటే ఇంజను ముందు చక్రాలనే తిప్పే కారులో, సాధారణంగా ఎదురయ్యేది మొదటిది. మలుపులో బండి బయటికి పోతోందనిపించగానే ఎవరూ చెప్పకుండానే కాలు తీస్తాం. వేగం తగ్గుతుంది, బరువు ముందుకు వాలుతుంది, ముందు టైర్లకు పట్టు తిరిగొస్తుంది, బండి దారిలో పడుతుంది. అక్కడ భయం చెప్పిన మాట వింటే చాలు. రెండోది వేరే రకం. అరచేతి మీద కర్ర నిలబెట్టినప్పుడు అది కాస్త ఒరిగిందంటే ఆ ఒరుగుడే దాన్ని ఇంకా ఒరిగిస్తుంది. ఓవర్‌స్టీర్‌లో ఉన్న కారు కూడా అంతే, తిరిగిన కొద్దీ మరింత వేగంగా తిరుగుతుంది. జరుగుతున్నది గుర్తించి చేతులు కదపడానికి మనిషికి ముప్పావు సెకను నుంచి సెకనున్నర దాకా పడుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు బండి ఇరవై మీటర్లు పోతుంది. అంత సేపట్లో దాని మూతి ఎక్కడికో తిరిగిపోతుంది. వెనకభాగం జారడం ఒంటికి తెలిసి, స్టీరింగ్‌ను అటువైపే తిప్పి, మళ్లీ సరిగ్గా సమయానికి వెనక్కి తిప్పగలిగేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఆలోచించి చేయరు. వేలసార్లు చేసిన అలవాటుతో చేస్తారు.

ఇప్పుడు కాలు తీయడం సంగతి. 1400 కిలోల కారు, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం రెండున్నర మీటర్లు, గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తున ఉందనుకుందాం. గట్టిగా బ్రేకు వేస్తే రెండు వందల కిలోలకు పైగా బరువు వెనక చక్రాల మీంచి ముందు చక్రాల మీదికి పోతుంది. ఉత్తినే కాలు తీస్తే, తక్కువ గేరులో, ముప్పై నలభై కిలోలు. ముప్పై కిలోలే కదా అనిపిస్తుంది. కానీ మలుపులో వెనక టైరు అప్పటికే హద్దు అంచున ఉంది. ఆ కాస్త బరువు తగ్గగానే దాని పట్టూ తగ్గింది. అదే క్షణంలో ఇంజను బిగపట్టి లాగడం మొదలవుతుంది, వెనక చక్రాల కారులో ఆ లాగుడంతా వెనక టైర్ల మీదే పడుతుంది. అంటే ఒకవైపు టైరుకున్న పట్టు తరిగింది, మరోవైపు ఉన్నదాంట్లోంచి కొంత వెనక్కి లాగడానికి పోయింది. పక్కకు పట్టి ఉంచడానికి మిగిలింది చాలక వెనకభాగం బయటికి పోతుంది. డ్రైవరు చేసిందల్లా నెమ్మదించడానికి ప్రయత్నించడం.

ఇది అన్నిటికన్నా నిర్దయగా బయటపడింది పోర్షే 911 టర్బోలో. 911ను 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో తొలిసారి చూపించారు. అందులో ఇంజను వెనక ఇరుసుకు కూడా వెనకే ఉంటుంది, బండి బరువులో దాదాపు అయిదింట మూడు వంతులు వెనక చక్రాల మీదే. 1975లో అమ్మకానికి వచ్చిన టర్బోకు కంపెనీ లోపల 930 అని నంబరు. మూడు లీటర్ల ఇంజను, 260 హార్స్‌పవర్, నాలుగే గేర్లు. ఇంజనులోంచి వచ్చే పొగతో తిరిగే టర్బైను గాలిని బలవంతంగా ఇంజనులోకి ఎక్కిస్తుంది. ఆ రోజుల్లో అది పుంజుకోవడానికి చాలా సమయం తీసుకునేది. కొత్త యజమాని ఒక మలుపులోకి వచ్చాడనుకోండి. సగం తిరిగాక యాక్సిలరేటర్ తొక్కుతాడు. ఏమీ జరగదు. ఇంకొంచెం తొక్కుతాడు. అప్పటికీ బండి బద్ధకంగానే ఉంటుంది. మరికాస్త. ఇంతలో టర్బైను పుంజుకుంటుంది, అప్పటిదాకా రాని శక్తి అంతా ఒక్కసారిగా వెనక చక్రాల మీద పడుతుంది, బండి ఇంకా మలుపులోనే ఉంది. వెనకభాగం కదిలిందని నడుముకు తెలుస్తుంది. బెదిరి కాలు పూర్తిగా తీసేస్తాడు. వెనక బరువు ముందుకు వాలుతుంది, ఇరుసు వెనకున్న ఇంజను బరువు ఒకసారి పక్కకు ఊగాక ఆగదు. కారు వెనక్కి తిరిగి, తోక ముందుగా రోడ్డు దిగుతుంది. ఇందులో అతను చేసిన ఒక్కో పనీ విడిగా చూస్తే సబబైనదే. బండి స్పందించలేదు కాబట్టి ఇంకా తొక్కాడు, జారింది కాబట్టి కాలు తీశాడు. ఆడవాళ్లను వితంతువుల్ని చేసే కారని దానికి పేరు పడిందంటే ఇందుకే.

మలుపే లేని రోడ్డు మీద మస్టాంగ్‌కు జరిగేది దీనికి తమ్ముడి వరస. 2015 నాటి మస్టాంగ్ జీటీలో అయిదు లీటర్ల వీ8 ఇంజను, నాలుగు వందలకు పైగా హార్స్‌పవర్. గేర్ల నిష్పత్తులు లెక్కగడితే, మొదటి గేరులో ఆ ఇంజను వెనక చక్రాల దగ్గర చూపగల బలం పొడిరోడ్డు మీద టైర్లు తట్టుకోగలదానికి దాదాపు రెట్టింపు. రెండో గేరులో కూడా ఎక్కువే. అంటే కాలు పూర్తిగా తొక్కితే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. తిరుగుతున్న టైరు తన పట్టంతా ముందుకు తోయడంలోనే ఖర్చు చేసింది, పక్కకు పట్టి ఉంచే బలం ఇక లేదు. నీళ్లు పోవడానికి రోడ్డుకు ఉండే చిన్న వాలు చాలు, వెనకభాగం ఒక పక్కకు జారుతుంది. డ్రైవరు స్టీరింగ్‌ను అటువైపే తిప్పుతాడు, ఇది సరైన పనే. దాంతోపాటు కాలు పూర్తిగా తీసేస్తాడు. చక్రాలు గిర్రున తిరగడం ఆగి టైర్లకు పట్టు ఒక్కసారిగా తిరిగొస్తుంది. అప్పటికి బండి ఐమూలగా ఉంది, ముందు చక్రాలు పక్కకు తిప్పి ఉన్నాయి. పట్టు రాగానే బండి ముందు చక్రాలు చూపిస్తున్న వైపుకు విసురుగా దూసుకుపోతుంది. చాలా వీడియోల్లో కారు తన మూతి మొదట తిరిగిన వైపుకు కాక దానికి ఎదురువైపుకు పోయి గుద్దుకోవడం ఇందువల్లే. జారినప్పుడు కాదు, పట్టు తిరిగొచ్చినప్పుడు పోతుంది ప్రాణం.

దీనికి మన పెద్దవాళ్ల దగ్గర ఒక బలమైన అభ్యంతరం ఉంటుంది. అంబాసిడర్లూ ప్రీమియర్ పద్మినీలూ వెనక చక్రాలతోనే కదా దశాబ్దాలు నడిచాయి, శ్రీశైలం ఘాట్ రోడ్డూ తిరుమల కొండా ఎక్కి దిగాయి, అవేమీ ఇలా గింగిరాలు తిరగలేదే అని. న్యాయమైన ప్రశ్న. జవాబు శక్తిలో ఉంది. అంబాసిడర్ ఇంజను యాభై హార్స్‌పవర్‌కు అటూ ఇటూ. మలుపులో ఎంత తొక్కినా వెనక టైర్లను ఓడించేంత బలం దానికి సాధారణంగా ఉండదు. పైగా రెండు వెనక చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ దానిలో మామూలుది. ఒక వెనక చక్రం జారి తిరిగినా బలం అటే పోతుంది, రెండోది నేలను పట్టుకునే ఉంటుంది. స్పోర్ట్స్ కార్లలో బలం వృథా కాకుండా రెండు చక్రాలనూ కలిపి తిప్పే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ పెడతారు. బండి బాగా లాగుతుంది, కానీ పట్టు పోయిననాడు రెండు టైర్లదీ కలిసే పోతుంది. ఇప్పటికీ బొలేరో, ఇన్నోవా క్రిస్టా వెనక చక్రాలతోనే నడుస్తున్నాయి, వాటిని చూసి ఎవరూ హడలిపోనక్కర్లేదు. ఇంకో తేడా కూడా ఉంది. ఆ తరం డ్రైవర్లు నేర్చుకున్నదీ నడిపిందీ ఒకే రకం బండి. 1983లో మారుతి 800 వచ్చాక మన రోడ్లు మెల్లగా ముందు చక్రాల కార్లతో నిండిపోయాయి, డ్రైవింగ్ స్కూళ్లలో నేర్పేదీ చాలావరకు వాటి మీదే. అలా స్విఫ్టో ఆల్టోనో నడిపిన అలవాటుతో టెక్సస్‌కు చదువుకోవడానికి వెళ్లిన తెలుగు కుర్రాడికి సెకండ్ హ్యాండ్‌లో మస్టాంగో, డాడ్జ్ ఛాలెంజరో కనబడుతుంది. అతనికి డ్రైవింగ్ రాదనలేం. వచ్చిన డ్రైవింగ్‌లో ఒక ముఖ్యమైన అలవాటు ఈ కారుకు తలకిందులు.

మరైతే తప్పు కారుదే కదా, తయారుచేసినవాడిదే కదా అనేవాళ్లూ ఉన్నారు. ఈ తగవు పాతదే. 1965లో అమెరికా న్యాయవాది రాల్ఫ్ నాడర్ తన పుస్తకం ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ మొదటి అధ్యాయంలో షెవర్లే కార్వేర్‌ను నిలదీశాడు. అదీ ఇంజను వెనకున్న కారే. ఆ కారు సంగతిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం టైర్ల గాలి. వెనకభాగం జారకుండా ఉండాలని కంపెనీ ముందు టైర్లలో 15, వెనక టైర్లలో 26 పౌండ్ల గాలి ఉంచమంది. ముందు టైర్లు మెత్తగా ఉంటే వాటి పట్టే ముందు పోతుంది, బండి అండర్‌స్టీర్ వైపు మొగ్గుతుంది. ఈ లెక్క తెలియని యజమానులు, గాలి కొట్టే కుర్రాళ్లు, అన్ని కార్లకూ కొట్టినట్టే నాలుగు టైర్లకూ సమానంగా కొట్టేవారు. దాంతో ఆ రక్షణ పోయేది. 1972లో అమెరికా రహదారి భద్రతా సంస్థ పరీక్షలు చేసి, ఆ కాలపు తోటి కార్లకన్నా కార్వేర్ ప్రత్యేకంగా ప్రమాదకరం కాదని తేల్చింది. నాడర్ దానికి ఒప్పుకోలేదు. నాకు ఆ తీర్పుకన్నా ముఖ్యంగా తోచేది వేరే ఉంది. బండి భద్రత యజమానికి తెలియని ఒక చిన్న అంకె మీద ఆధారపడేలా ఉంటే ఆ నేరం యజమానిది మాత్రమే ఎలా అవుతుంది? పోర్షే ఇంజనీర్లకు కూడా తమ కారు గుణం తెలుసు. తొలినాటి 911లకు ముందు బంపరు రెండు మూలల్లో పదకొండేసి కిలోల ఇనుప దిమ్మలు పెట్టారు. 1969 మోడల్‌కు వచ్చేసరికి ఇరుసుల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచారు. 1990ల్లో వెనక సస్పెన్షన్‌ను పూర్తిగా మార్చారు, 1995 టర్బోకు నాలుగు చక్రాలకూ శక్తినిచ్చారు. కారును మార్చవచ్చు, మార్చారు. అయినా వెనక చక్రాల కారే వద్దనడం సరికాదు. వేగం పెంచినప్పుడు బరువు వెనక్కి వాలుతుంది కాబట్టి తోసే పని వెనక టైర్లకు అప్పగించి, తిప్పే పని ముందు టైర్లకు వదిలేయడం ఇంజనీరింగ్ ప్రకారం సబబైన పంపకం. హద్దు దాటినప్పుడు ఏమవుతుందన్నదే తేడా.

ఇక్కడ చాలామంది ఇచ్చే సలహా, అయితే జారే బండిని దారిలో పెట్టడం నేర్పించండి అని. వినడానికి ఇంతకన్నా మంచి మాట లేదు. కానీ ఈ మాటను పరీక్షించి చూశారు. నార్వేలో 1979 నుంచి కొత్త డ్రైవర్లకు జారుడు నేల మీద బండి నడపడం తప్పనిసరి శిక్షణగా పెట్టారు. 1988లో దాని ఫలితాన్ని లెక్కగట్టిన అధ్యయనంలో తేలిందేమిటంటే, యువకుల్లో ప్రమాదాలు తగ్గలేదు సరికదా పెరిగాయి. ఎందుకన్నదానికి 1996లో స్వీడన్‌లో గ్రెగర్సెన్ అనే పరిశోధకుడు ప్రచురించిన ప్రయోగం కొంత జవాబు చెప్పింది. నేర్చుకుంటున్నవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు జారుడు నేల మీద బ్రేకు వేయడం, అడ్డంకిని తప్పించడం సాధన చేయించారు. రెండో జట్టుకు అదే నేల మీద, అలాంటి సమయంలో తమ నేర్పు ఎంత కొంచెమో, దాన్ని నమ్ముకోవడం ఎంత కష్టమో తెలిసొచ్చేలా చేశారు. కొన్నాళ్లకు రెండు జట్లనూ పరీక్షిస్తే నేర్పులో తేడా లేదు. కానీ మొదటి జట్టువాళ్లు తాము బాగా చేయగలమని నమ్మారు. రాని నేర్పు వచ్చిందనుకున్నారు. ఒక్క పూట శిక్షణ చేతులకు అలవాటు నేర్పదు, మనసుకు మాత్రం ధైర్యం ఇస్తుంది. ఆ ధైర్యంతో తడిరోడ్డు మీద ఇంకో పది కిలోమీటర్ల వేగం పెరుగుతుంది. నా వాదనకు ఇది కీలకం. కొత్త డ్రైవరుకు లేనిది జారిన బండిని తిప్పుకొచ్చే విద్య కాదు, జారడానికి ఇంకా ఎంత పట్టు మిగిలి ఉందో పసిగట్టే తెలివిడి. ముందు చక్రాల కారు ఆ లోటును చాలావరకు మన్నిస్తుంది, శక్తిమంతమైన వెనక చక్రాల కారు మన్నించదు.

ఇప్పుడన్నీ కంప్యూటరే చూసుకుంటుందిగా అనేవాళ్లకు సగం మార్కులివ్వాలి. 1995లో బాష్, మెర్సిడెస్ బెంజ్ కలిసి తెచ్చిన స్టెబిలిటీ కంట్రోల్, స్టీరింగ్ ఎటు తిప్పారో, బండి నిజంగా ఎటు తిరుగుతోందో సెకనుకు పాతికసార్లు పోల్చి చూస్తుంది. వెనకభాగం జారుతుంటే బయటివైపు ముందు చక్రానికి తనే బ్రేకు వేసి, ఇంజను బలం తగ్గిస్తుంది. మనిషి ఏ ఒక్క చక్రానికీ విడిగా బ్రేకు వేయలేడు. ఒంటరిగా అదుపు తప్పే ప్రమాదాలు దీనివల్ల మామూలు కార్లలో 34 శాతం, ఎస్‌యూవీల్లో 59 శాతం తగ్గుతాయని అమెరికా భద్రతా సంస్థ 2007లో అంచనా వేసి, 2012 మోడళ్ల నుంచి తప్పనిసరి చేసింది. రోడ్డు భద్రతలో సీటు బెల్టు తర్వాత ఇంత మేలు చేసినవి అరుదు. కానీ అది లేని పట్టును పుట్టించలేదు. చాలా స్పోర్ట్స్ కార్లలో దాన్ని ఆపేయడానికి మీట ఉంటుంది, నలుగురి ముందూ టైర్లు తిప్పి చూపించాలంటే నొక్కేది ఆ మీటనే. అన్నిటికన్నా పెద్ద చిక్కు పాతకార్లది. డాడ్జ్ వైపర్‌కు 1992లో నాలుగు వందల హార్స్‌పవర్ ఉంది, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా లేదు. ఇలాంటి బళ్లు ఏళ్లు గడిచేకొద్దీ ధర పడిపోయి, కొత్తగా ఉన్నప్పుడు వాటిని కొనలేనివాళ్ల చేతుల్లోకి వస్తాయి.

నేర్పు ఉన్నవాళ్లకు ఇవేవీ వర్తించవన్న మాటను కూడా నేను ఒప్పుకోను. 2013 నవంబరు 30న కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటాలో సినీ నటుడు పాల్ వాకర్ చనిపోయిన కారు పోర్షే కెరేరా జీటీ. ఆరు వందలకు పైగా హార్స్‌పవర్, స్టెబిలిటీ కంట్రోల్ లేదు. నడుపుతున్న అతని మిత్రుడు రేసులు నడిపిన అనుభవం ఉన్నవాడే. ఆయన కూడా దక్కలేదు. వేగం గంటకు 130 నుంచి 150 కిలోమీటర్ల మధ్య ఉందని దర్యాప్తు చేసినవాళ్లు తేల్చారు. ఆ రోడ్డుకు అది చాలా ఎక్కువ. టైర్లకు తొమ్మిదేళ్లు నిండాయని కూడా తేల్చారు. రబ్బరు వయసుతో గట్టిపడుతుంది, టైరు మీది గాట్లు ఎంత లోతుగా ఉన్నా సరే. పట్టు తగ్గిన సంగతి స్టీరింగ్ చక్రం దగ్గర ముందుగా తెలియదు.

కాబట్టి ఇంట్లో ఎవరైనా ఇలాంటి కారు కొంటానంటే వద్దని పోట్లాడే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. దానికి స్టెబిలిటీ కంట్రోల్ ఉందా, ఉంటే పనిచేస్తోందా? ఇంజను స్టార్ట్ చేయబోతూ తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా ఆ కారును ముందు మెకానిక్‌కు చూపించాలి. శిక్షణకు పంపితే ఎలాంటి శిక్షణ? జారుడు నేల మీద తన బండి ఏ వేగంలో జారుతుందో ముందే ఊహించి చెప్పమని, తర్వాత ఆ ఊహ ఎంత తప్పో చూపించేదైతే పనికొస్తుంది. బండిని కావాలని జారించే డ్రిఫ్టింగ్ నేర్పి సర్టిఫికెట్టు ఇచ్చేదైతే వద్దు. మొదటి వర్షం పడ్డ రోజు, రోడ్డు మీది నూనె మడ్డి తేలినప్పుడు, బండిని బయటికి తీయకపోతే ఇంకా మంచిది. అమెరికాలోనైతే చలికాలం సంగతి కూడా ఉంది. స్పోర్ట్స్ కార్లకు వేసే వేసవి టైర్లు ఏడు డిగ్రీల కన్నా తక్కువ చలిలో బిగుసుకుని రోడ్డును సరిగ్గా పట్టవు. ఇక టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2316 అని ఉంటే అది 2016లో 23వ వారంలో తయారైన టైరు. కారు ఎంత మెరుస్తున్నా, అమ్మేవాడు టైరు గాట్లు ఎంత లోతుగా ఉన్నాయో చూపించినా, ఆ నాలుగు అంకెలూ నాలుగు టైర్ల మీదా చదివాకే బేరం మొదలుపెట్టాలి.